జరిమానా పడితే మనకేంటి?

అన్నలారా, సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఎక్కని మెట్టల్లో పత్తి పెట్టేటోళ్లకు 2006 గుర్తుండే ఉంటది. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 దాటింది. అందులో ఎక్కువ భాగం మోన్‌శాంటో టెక్నాలజీ రుసుమే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. మే నెలలో రుసుము తగ్గించమని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, సర్కారు ప్యాకెట్ ధర రూ.750 చేసింది. ఆ ఉత్తర్వులో జరిమానా లేదు. అయినా డబ్బు మన జేబులో మిగిలింది.

ఇప్పుడు చేతిలో ఫోన్ సంగతి చూడండి. ప్లే స్టోర్ కావాలంటే తన యాప్‌లన్నీ పెట్టాల్సిందేనని ఫోన్ కంపెనీలను కట్టేసినందుకు, 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఆ సొమ్ము పోయేది కేంద్రం ఖజానాకే. కమిషన్ ఆదేశాలతో మనకు దక్కింది, సెర్చ్ ఇంజిన్ మనమే ఎంచుకునే వీలు.

ఇకమీద ఏ కంపెనీకి జరిమానా పడ్డా మన ఖర్చు తగ్గిందా, ఇంకో దారి దొరికిందా, అది చూడండి.