కొవ్వొత్తి జాడీలో పెరిగిన మలేరియా

మలేరియాల్లోకెల్లా ప్రాణాంతకమైన ఫాల్సిపారం పరాన్నజీవిని ప్రాణి ఒంటి బయట ఎక్కువకాలం బతికించడం 1970ల దాకా ఎవరి తరమూ కాలేదు. అందుకే దక్షిణ అమెరికా అడవుల్లో పట్టిన ఏవోటస్ కోతులకు రోగం ఎక్కించి పరిశోధించేవారు.

అంతకు ముందే, 1959లో, విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఒక పుస్తకంలో మూడు సూత్రాలు చెప్పారు. జంతువు లేకుండా పని జరిగితే అలాగే చేయాలి. తప్పదంటే వీలైనంత తక్కువ జంతువులను వాడాలి. వాడినవాటికి బాధ తగ్గించాలి. చాలా ఏళ్లపాటు ఆ పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి సూత్రం మలేరియాలో ఎలా సాధ్యమో 1976లో తేలింది. న్యూయార్క్ రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో 66 ఏళ్ల విలియం ట్రేగర్, సహచరుడు జేమ్స్ జెన్సన్ రోగం సోకిన ఏవోటస్ కోతి రక్తం తీసుకుని, మనిషి ఎర్ర రక్తకణాలతో కలిపి, పోషక ద్రవం పోసి గాజు జాడీలో పెట్టారు. పక్కనే కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టి, అది ఆరిపోయే వేళకు జాడీని బిగించేశారు. లోపల ఆక్సిజన్ తగ్గింది, కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. పరాన్నజీవికి ఆ గాలి సరిపోయింది. నిరాటంకంగా పెరుగుతూ పోయింది. కోతి మీద చేయాల్సిన ఎన్నో పరీక్షలు ఆ తర్వాత గాజుపళ్లేల్లోనే సాధ్యమయ్యాయి.

అయినా మెదడుకెక్కే మలేరియా, రోగనిరోధక శక్తి స్పందన వంటివి పళ్లెంలో పూర్తిగా కనబడవు. వాటికి ఇప్పటికీ ఎలుకలు కావాలి. పర్యవేక్షణ అవసరమయ్యేది అక్కడే.

మన దేశంలో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టి కదిలించిన వాదన 1960 నాటి జంతు హింస నివారణ చట్టానికి దారితీసింది. 1998 నిబంధనల ప్రకారం జంతువులపై ప్రయోగాలు చేసే ప్రతి సంస్థకూ నైతిక సంఘం ఉండాలి. అందులో పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ ఉన్న సభ్యుడూ కూర్చుంటారు. ఎలుకలే ఎందుకు, ఇన్నే ఎందుకు అన్నదానికి పరిశోధకుడు దరఖాస్తులో జవాబు రాయాలి. రోగం సోకిన ఎలుక ఒళ్లు చల్లబడి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గూనిగా వంగి మూల కూర్చుంటే ఏం చేస్తారో కూడా ముందే చెప్పాలి. అది చచ్చేదాకా చూస్తూ ఉండక, ఆ గుర్తులు కనబడగానే బాధ లేకుండా ప్రాణం తీయాలి.

ఈ ప్రశ్నలు పరిశోధనకు అడ్డు కావు. యాతన పడే జంతువులో ఒత్తిడి వల్ల రోగనిరోధక శక్తి కూడా మారిపోతుంది, ఫలితాలు చెడతాయి. సంఘం గట్టిగా అడిగినప్పుడే ఎలుకకూ మేలు, మందు కోసం ఎదురుచూసే రోగికీ మేలు.