విద్యార్థివేతనము: దొరకుట, నిలుచుట

పేదవిద్యార్థికి ధనసహాయము దొరకుట యొక యెత్తు. దొరకిన సహాయము చదువు ముగియువఱకు నిలుచుట మఱియొక యెత్తు. మనము మొదటిదానినే పండుగగా నెంచుదుము. కుఱ్ఱవానికి విద్యార్థివేతనము మంజూరైనదని వినగానే తలిదండ్రులు నిశ్చింతులగుదురు, ఇరుగుపొరుగువారు సంతసింతురు. రెండవయేట నది యాగిపోయినచో నేల యాగెనని యడుగువా రుండరు. చదువు మాని యింటికి వచ్చిన వానిని జూచి, వానికి చదువబ్బలేదని లోకము తేల్చివేయును. ఆ తీర్పులో నెంత నిజమున్నదో చరిత్రనుబట్టి విచారింపవలసియున్నది.

పూర్వము మన దేశమున పేదవాని చదువునకు గృహస్థుల ధర్మమే యాధారము. బ్రాహ్మణబాలుడు పట్టణముచేరి, ఏడిండ్లలో వారములు కుదుర్చుకొని, దినమున కొకయింట భుజించుచు చదువుకొనెడివాడు. వారములు దొరకనివారు మధూకరమెత్తిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి యొంగోలులో పూటకూళ్లిల్లు నడపి బిడ్డలను బోషించెను; గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగా రా బాలుని రాజమహేంద్రవరమునకు దోడ్కొనిపోయి చదువు సాగునట్లు చేసిరి. ఇట్టి యుదారులను మఱువరాదు. కాని వారములిచ్చు నిండ్ల తలుపులు అన్ని కులముల బాలురకును దెఱవబడలేదు. బాలికల మాట తలపెట్టినవారే లేరు. ఆ యింటి యిల్లాలికి మనసు తిరిగెనా, ఆనాటి యన్నము పోయెను. సహాయము నిలుచుటకు విద్యకంటె వినయమే యెక్కువగా గావలసెను.

హైదరాబాదు రాజ్యమున 1918లో రాజా బహదూర్ వెంకటరామరెడ్డిగారి కృషిచే రెడ్డి హాస్టలు వెలసెను. పిమ్మట పలుకులములవారు తమతమ బాలురకై వసతిగృహములు నెలకొల్పుకొనిరి. వీనివలన పల్లెటూళ్ల బాలు రనేకులు నగరమున నిలువ నీడ గని చదువుకొనిరి. అయినను సంపన్నులు లేని కులమునకు వసతిగృహమును లేదు. అట్టివారికై 1910 మొదలు బడులు పెట్టి పాటుపడిన భాగ్యరెడ్డివర్మగారు తొలియక్షరములనుండి మొదలిడవలసివచ్చెను.

రాజులును విద్యార్థులకు వేతనము లిచ్చిరి. 1895లో నిజాముగారి వేతనముతో సరోజినీ చట్టోపాధ్యాయ యింగ్లండునకు బోయి చదివెను. ఆమెయే తరువాత సరోజినీ నాయుడు. ఆ వేతన మామె ప్రతిభకు దగినదే. కాని నాడు నిజామాబాదు ప్రాంతమున నొక కాపుబిడ్డ యట్టి ప్రతిభతోనే పుట్టియున్నచో, ఎవరికి దరఖాస్తు పెట్టుకొనవలెనో యామెకు దెలియుటకు మార్గమే లేదు. దాక్షిణ్యమునకు ద్వార ముండును గాని దారి యుండదు.

ఆ దాక్షిణ్యమునకు గడువు గూడ నుండును. అంబేద్కరుగారి చరిత్రమే దీనికి దార్కాణము. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు ఆయనకు నెలకు 11½ పౌనులచొప్పున మూడేండ్లు వేతన మిచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు బంపెను. చదువు ముగించివచ్చి బరోడాలో కొలువు చేయవలెనని నిబంధన. ఆయన లండనులో చదువుచుండగానే గడువు తీరెను. 1917లో చదువు నడుమ విడిచి తిరిగివచ్చి బరోడాకొలువున జేరగా, అంటరానివాడని బస చేయుటకు చోటు గూడ నీయని యవమానములు పాలయ్యెను. తాను కూడబెట్టినదియు, కొల్హాపురము షాహూమహారాజు సాయమును, ఒక మిత్రుని యప్పును జేర్చుకొని, 1920లో మరల లండనునకు బోయి, 1923లో డాక్టరు పట్టము గొనెను. అంతటి మేధావికే గడువు తీరుటవలన మూడేండ్లు చదువు చెడెను. సామాన్యుడైనచో తిరిగిపోవుట కలుగునా?

నిబంధన లెట్లు తీసివేయగలవో, ఎట్లు నిలుపగలవో తెలియుటకు శ్రీనివాస రామానుజముగారి కథ చాలును. ఆయన 1904లో వేతనముతో కుంభకోణము కళాశాలలో జేరెను. గణితమునందు తప్ప మఱి దేనియందును మనసు నిలువక, ఇంగ్లీషున దప్పిపోగా వేతనము రద్దయ్యెను. ఆ దుఃఖమున 1905లో ఇల్లు విడిచి పాఱిపోయి చేరిన యూరు మన విశాఖపట్టణమే. తరువాత మద్రాసులో ప్రయత్నించియు ఎఫ్.ఏ. పరీక్షలో తప్పి, కడకు హార్బరు కచ్చేరీలో గుమాస్తాగా గుదిరెను. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము, పట్టము లేకున్నను, నెలకు రు. 75 చొప్పున రెండేండ్లు పరిశోధనవేతన మిచ్చెను. మూడునెలల కొకసారి తన పరిశోధనను గూర్చి నివేదిక సమర్పింపవలెననుట నిబంధన. సుమా రైదేండ్లకు రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. రెండుచోట్లను నిబంధన లున్నవి. మొదటిది వచ్చినదానిని విడిచి రానిదానిని గొలిచెను. రెండవది వచ్చినదానినే లెక్క యడిగెను. నిబంధన లుండుట తప్పు గాదు. అవి దేనిని గొలుచుచున్నవో చూడవలెను.

దాక్షిణ్యము హక్కుగా మాఱుటకు 1944 మొదటిమెట్టు. వైస్రాయి కార్యనిర్వాహకసభలో నున్న అంబేద్కరుగారి పట్టుదలచే భారతప్రభుత్వ మాయేడు షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ అనంతర వేతనముల నేర్పరచెను. స్వాతంత్ర్యానంతర మది షెడ్యూల్డు తెగలకును వర్తించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008 ప్రాంతమున వై.యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ఫీజు రీయింబర్సుమెంటు పథకమును విస్తృతముగా నమలుపఱచగా వెనుకబడిన తరగతుల బాలబాలికలు గూడ వేలకొలదిగా కళాశాలల మెట్లెక్కిరి. దరఖాస్తు పెట్టుటకు రాజుగారి యెఱుక గాని, ధనవంతుని సిఫారసు గాని యక్కఱలేదు. ఇది మన కాలపు గొప్ప సంస్కరణములలో నొకటి.

ఈ హక్కు మన యిందల్వాయిలో నేమగుచున్నదో చూతము. తాతలకాలమున పట్టము కోరిన పల్లెబిడ్డ రైలెక్కి హైదరాబాదునకే పోవలసియుండెను. 1918లో నేర్పడిన ఉస్మానియాలో ఉర్దూలో చదువవలసియుండెను. నేడు 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయము పొరుగుననే డిచ్‌పల్లిలో నున్నది. దూరము పోయినది, కాగితములు మిగిలినవి. మీసేవలో దరఖాస్తు చేసి తహసీలుదారునుండి పొందవలసిన యాదాయపత్రము, కులపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా, ఈ-పాస్‌లో దరఖాస్తు, ప్రతియేడు దాని పునరుద్ధరణము, నూటికి 75 హాజరు: వీనిలో నొకటి తప్పినను సహాయము నిలిచిపోవును. తండ్రి గల్ఫుదేశమున, తల్లి బీడీలు చుట్టుచు నున్న యింటిలో ఈ జాబితా నెవరు చదువుదురు? బీడీకార్మికుల పిల్లలకు కేంద్ర కార్మికశాఖ వేఱుగా వేతన మిచ్చుచున్నను, తల్లి గుర్తింపుకార్డు లేనిదే యది చేరదు. బోధను ప్రాంతమున చెఱకు పండించినవారి కష్టము వేఱు. నిజాము చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడగా నెందఱి జీవనమో తలక్రిందులయ్యెను. ఆదాయ మేటేట మాఱు నింటికి పాతపత్రము సత్యము చెప్పదు. క్రొత్తపత్రమునకు తిరుగుటకు కూలిదినములు పోవును.

ఇన్నియు సరిగా నున్నను ధనము వేళకు రాకపోవచ్చును. 2025లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యములు బకాయిలకొఱకు కళాశాలలు మూసి నిరసన దెలిపినవి. ప్రభుత్వమునకును యాజమాన్యమునకును నడుమ విద్యార్థి నలగును. చదువు ముగిసినను, బకాయి చెల్లించినగాని ధ్రువపత్రము లీయమను మాట పలుచోట్ల వినవచ్చుచున్నది. తండ్రి యప్పు చేసి కొడుకు పత్రములు విడిపించును. కూతురి పత్రము లైనచో, పెండ్లి ఖర్చు ముందున్నదని యూరకుండును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత కింతకంటె వ్యాఖ్యానము వలదు.

కావున చేయవలసినవి మూడు. ప్రభుత్వము సహాయమును సత్రారంభముననే చెల్లింపవలెను. తన బాకీకి విద్యార్థి పత్రములు తాకట్టు గాకుండ జూడవలెను. కళాశాల, హాజరు తగ్గిన విద్యార్థి వేతనము నాపుటకు ముందు, తగ్గుటకు కారణమేమో యడుగవలెను. జ్వరమునకును సోమరితనమునకును భేదము గలదు. మూడవది మన గృహస్థులది. పూర్వము వారమున కొకనాడు పేదబాలున కన్నము పెట్టిన యిండ్లవారు నేడు ఏడాదికి రెండుదినములు కూర్చుండి, కులభేదము లేక వీధిలోని పిల్లల దరఖాస్తులు చదివి నింపిన, ఆ పాతధర్మము దాని దోషము విడిచి నిలుచును. గ్రంథాలయమందైనను, బడియరుగుపైనైనను ఇది చేయవచ్చును, ఖర్చు లేదు.

మంజూరైనవారిని మనము సన్మానించుచునే యున్నాము. చదువరులారా, ఇకమీద మీ వీధిలో రెండవయేడు చదువుచున్న పేదపిల్ల యెవరో కనుగొని, "అమ్మా, ఈయేటి పునరుద్ధరణ మైనదా?" యని యడుగుడు.