దేవుని ఇల్లు, ధర్మకర్త బాధ్యత, అద్దెదారుని హక్కు

స్వామిత్వము వేరు, సంరక్షణభారము వేరు, అనుభవము వేరు. ఈ భేదమును విస్మరించినప్పుడే దేవస్థానముల ఇండ్ల విషయమున వివాదములు పుట్టుచున్నవి.

మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాదులో, సురిటి అప్పయ్య 1815లో ఉజ్జయినీ మహాంకాళి అమ్మవారిని ప్రతిష్ఠించెనని ప్రసిద్ధి. ఇట్టి ఆలయములకు భక్తులు సమర్పించిన ఆస్తి ఎవరిది? ప్రమథనాథ మల్లిక్ వ్యాజ్యమున 1925లో ప్రీవీ కౌన్సిల్ దేవతామూర్తిని న్యాయవ్యక్తిగా అంగీకరించినది. దేవకీనందన్ వ్యాజ్యమున 1956లో సుప్రీంకోర్టు, దేవాలయ ధర్మమునకు నిజమైన ఫలభోక్తలు ఉపాసకులేయని నిర్ణయించినది. కనుక ధర్మకర్త యజమానియు కాడు, ఫలభోక్తయు కాడు; సంరక్షకుడు మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ 1987 నాటి దేవాదాయ చట్టముచే వంశపారంపర్య ధర్మకర్తృత్వమును రద్దు చేసినది. పన్నాలాల్ బన్సీలాల్ పిట్టీ వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించుచునే, సంస్థాపకుని కుటుంబమునకు పాలకమండలిలో స్థానమును గుర్తించినది. సేవకు అవకాశము నిలిచినది, జన్మహక్కు తొలగినది.

ఇక అద్దెదారుని మాట. హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలు ఏకమైన 1960లోనే ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టమును వచ్చినది. అది వర్తించు భవనములలో యజమాని బలప్రయోగమున ఎవరినీ వెడలగొట్టరాదు. బుద్ధిపూర్వకమైన అద్దె ఎగవేత, అనుమతి లేక మరియొకరికి అద్దెకిచ్చుట వంటి కారణములను రెంట్ కంట్రోలరు ఎదుట నిరూపింపవలెను. యజమాని ధార్మిక సంస్థయైనచో, భవనము సంస్థ ప్రయోజనములకు కావలెనని కోరుటకు 10వ సెక్షనులో వీలు కలదు.

విచారణీయమైనది ఈ ప్రయోజనమను పదమే. వేదపాఠశాలకో అన్నదానమునకో గది కావలసినచో అది సంస్థ అవసరము. ఉన్నవానిని పంపి తన బంధువును చేర్చుట ధర్మకర్త కోరిక. అది సంస్థ అవసరము కానేరదు. ఆప్తులకు అల్పమైన అద్దెకు దుకాణమిచ్చువాడు దానము చేయుట లేదు, పరధనమును పంచుచున్నాడు.

అద్దెదారునికిని ఇదే నియమము. ఎవరి వలన ఇంట ప్రవేశించెనో, అద్దె సంబంధము సాగునంతకాలము వారి హక్కును అతడు కాదనజాలడని 1872 నాటి సాక్ష్య చట్టపు 116వ సెక్షను శాసించినది. తాతల నాటి నివాసము రక్షణకు ఆధారము కావచ్చును, స్వామిత్వమునకు కాదు.

యోగశాస్త్రము అస్తేయమును యమములలో చేర్చినది. దొంగతనము చేయకుండుటతోనే అది ముగియదు. తన అధీనమున ఉన్నదంతయు తనది కాదని నిత్యము ఎరుగుటయు అస్తేయమే. తాళపుచెవి చేతనున్న ధర్మకర్తకును, గడప లోపలనున్న అద్దెదారునికిని ఆ ఎరుక సమానముగా అవసరము.