మేలట్టూరు: గోడలు లేని నాటకశాల

పాత నాటకశాలను కాపాడుకోవాలి అనగానే మనకు కప్పు, తెరలు, కుర్చీలు గుర్తొస్తాయి. చందాలూ వాటికే పోగుచేస్తాం. తంజావూరు సీమలోని మేలట్టూరులో ఇవేవీ లేవు. వరదరాజ పెరుమాళ్ కోవెల ముందరి వీధి, ఏటేటా అక్కడ వేసే పందిరి, అదే రంగస్థలం. అయినా అక్కడ తెలుగు నాటకం నేటికీ ఆడుతోంది.

తెలుగు నాయక రాజులు తంజావూరు ఏలిన రోజుల్లో అచ్యుతప్ప నాయకుడు ఈ ఊరిని బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చాడు. తర్వాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును ఆదరించారు. వారి కాలంలోనే, 18వ శతాబ్దంలో, ఈ ఊరి వెంకటరామశాస్త్రిగారు ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం, హరిశ్చంద్ర, మార్కండేయ వంటి భాగవతమేళ నాటకాలు రచించారు.

1855లో తంజావూరు సంస్థానమే అంతరించింది. శూలమంగళం, ఊత్తుకాడు, నల్లూరులలో మేళాల పరంపర తెగింది. మేలట్టూరులోనూ కొంతకాలం ఆగింది. 20వ శతాబ్దంలో బాలు భాగవతర్ వంటి ఊరివాళ్లు దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఇ. కృష్ణయ్యర్ బయటి ప్రపంచం దృష్టికి తెచ్చారు.

నిలబెట్టినవి మూడు. నరసింహ జయంతి అనే తప్పని తిథి ఒకటి. ఉద్యోగాలకని పట్నాలకు వెళ్లినవాళ్లు ఆ రోజులకు ఊరు చేరుకుంటారు. రెండోది, ఇళ్లలో తరతరాలుగా వచ్చే పాత్రలు. ఆడవేషాలూ మగవాళ్లే కడతారు. మూడోది నరసింహస్వామి ముఖం. అది పూజలందుకునే ముఖం. ధరించేవారు ఉపవాసముంటారు. వాళ్లకు ఇది వినోదం కాదు, మొక్కు.

ఇక మనకు సంబంధించిన మాట. ఈ నటుల్లో చాలామంది ఇంటిభాష తమిళం. తెలుగు పాఠాన్ని తమిళ లిపిలో రాసుకుని వల్లిస్తారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. కాగితం చెప్పలేని తేడాను పెద్దల నోట విని నేర్చుకోవాలి. వినిపించే పెద్దలు లేని రోజున కాగితం ఉండీ లాభం లేదు.

తమిళనాట ఉన్న తెలుగువాళ్లం కట్టడాలకు ఇచ్చే చందాలో కొంత ఇటు మళ్లించవచ్చు. పెద్దల ఉచ్చారణను పదం పదంగా రికార్డు చేయాలి. తెలుగు లిపిలో పాఠం, పక్కన తమిళంలో అర్థం అచ్చువేసి కుర్రవాళ్ల చేతికివ్వాలి. మనం ఇంట్లో మరిచిన తెలుగును వాళ్లు వీధిలో నిలిపారు. ఆ రుణం తీర్చుకునే దారి ఇదే.