మానుకోట - మహబూబాబాద్: ఒక ఊరి రెండు పేర్లు

ఓరుగల్లు సీమలోని మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ (పాలన 1869-1911) పేరిట ఏర్పడింది. మాను అంటే చెట్టు. చెట్ల నడుమ వెలసిన కోట గనుక మానుకోట అయిందని స్థానికులు చెబుతారు.

కొత్త పేరు రెండు భాషల కలయిక. ‘మహ్‌బూబ్’ అరబీ పదం, ప్రియమైనవాడని అర్థం. ‘హబీబ్’, ‘ముహబ్బత్’ అన్న మాటలూ ఈ ధాతువు నుండే పుట్టాయి. ‘ఆబాద్’ ఫారసీ పదం. జనం నివసించే చోటని భావం.

అరబీ మూలంలో ‘హ’కు అచ్చు లేదు. తెలుగువారి నాలుక దానికి అకారం చేర్చి ‘మహబూబ్’ అని పలికింది. ఆంగ్ల లిపిలో రైల్వే స్టేషను పేరు అకారం లేకుండా మూలానికి దగ్గరగా ఉండగా, 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లా పేరులో ఆ అకారం చేరింది. ఆ జిల్లాలోనే ఉన్న నర్సింహులపేటలో దీనికి విరుద్ధంగా జరిగింది. ‘నరసింహ’లోని ఒక అకారం పలుకుబడిలో జారిపోయింది. అరబీ పేరునైనా, సంస్కృత నామాన్నైనా జనం తమ నోటికి అనువుగా మలచుకొన్నారు.

కనుక వీటిలో ఏది సొంతం, ఏది పరాయి అన్న వాదం నిలువదు. కాగితాలలో మహబూబాబాద్ స్థిరపడింది. ప్రజల మాటలలో మానుకోట నేటికీ వినబడుతోంది. ఏ ఒక్కదాన్ని తుడిచివేసినా ఊరి చరిత్రలో ఒక అధ్యాయం చెరిగిపోతుంది.