పాత సెల్‌ఫోన్లలో పసిడి.. ఇంట్లో తీయబోతే ప్రాణగండం

గొలుగొండ: మూలన పడేసిన సెల్‌ఫోన్లు, కంప్యూటర్లలో బంగారం, వెండి, పల్లాడియం ఉన్నమాట వాస్తవమే. కానీ యాసిడ్‌తో, మంటతో వాటిని వెలికితీయాలనుకోవడం ప్రాణాలతో చెలగాటమే. అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంతో సహా పల్లెల్లో పాత ఫోన్లు తుక్కుగా పోగవుతున్న తరుణంలో ఈ విషయమై అవగాహన అవసరం.

ఎక్కడెక్కడ ఉంటాయి?
తుప్పు పట్టదు, విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక సర్క్యూట్ బోర్డుల అంచులకు, కనెక్టర్ల పిన్నులకు పలుచని బంగారు పూత వేస్తారు. స్విచ్‌ల కొనల్లో వెండి, కొన్ని కెపాసిటర్లలో పల్లాడియం ఉంటాయి. ఒక్కో ఫోన్‌లో బంగారం సుమారు 30 మిల్లీగ్రాములే. అంటే గ్రాము బంగారానికి ముప్పైకి పైగా ఫోన్లు కావాలి. అయినా గనిలో టన్ను ముడిఖనిజానికి సాధారణంగా కొద్ది గ్రాములే లభిస్తుండగా, టన్ను ఫోన్లలో వందల గ్రాములు ఉంటుంది.

టోక్యో ఒలింపిక్స్ పతకాలకై జపాన్‌లో 2017 నుంచి 2019 వరకు సుమారు 79 వేల టన్నుల పాత పరికరాలను సేకరించి, దాదాపు 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి రాబట్టారు.

పొంచి ఉన్న ముప్పు
బంగారాన్ని కరిగించే రాజద్రవం నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం. దాని నుంచి వెలువడే క్లోరిన్, నైట్రోజన్ డయాక్సైడ్ వాయువులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. పీల్చినప్పుడు బాగానే ఉన్నట్లనిపించినా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. బోర్డులను కాల్చితే సీసం, డయాక్సిన్లు గాలిలో కలుస్తాయి. చిన్నారుల మెదడు ఎదుగుదలకు సీసం తీవ్ర హాని చేస్తుంది. వాడిన యాసిడ్‌ను పారబోస్తే నేల, బావినీరు కలుషితమవుతాయి. సేద్యమే ఆధారమైన పల్లెలకు ఇది తీరని నష్టం.

పోనీ, లాభమైనా దక్కుతుందా అంటే అదీ లేదు. బెంగళూరులో గతంలో జరిగిన అధ్యయనం ప్రకారం, యాసిడ్ పద్ధతిలో చేతికందేది బోర్డుల్లోని బంగారంలో సుమారు నాలుగో వంతే. ఆధునిక కర్మాగారాల్లో 95 శాతం వరకు రాబడతారు. అక్కడ బోర్డులను ముక్కలు చేసి, రాగితో కలిపి కరిగించి, విద్యుద్విశ్లేషణతో విలువైన లోహాలను వేరుచేస్తారు. విషవాయువులను శుద్ధిచేసే ఏర్పాట్లు ఉంటాయి. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ సైతం సర్క్యూట్ బోర్డుల పునఃశుద్ధికి స్వదేశీ పరిజ్ఞానాన్ని రూపొందించింది.

నిబంధనలు ఇవీ..
2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల మేరకు పునఃశుద్ధి చేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో తప్పనిసరిగా నమోదు కావాలి. నమోదు లేకుండా ఈ పని చేయరాదు. అమ్మిన వస్తువులు వ్యర్థాలయ్యాక వాటి పునఃశుద్ధి బాధ్యత తయారీదారులదే.

వినియోగదారులు ఏం చేయాలి?
* ఫోన్ ఇచ్చే ముందు సిమ్, మెమరీకార్డు తీసి, సమాచారాన్ని చెరిపివేయాలి.
* ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నిప్పులో వేయరాదు.
* పాత పరికరాలను తయారీ సంస్థల సేకరణ కేంద్రాలకు, లేదా నమోదైన పునఃశుద్ధిదారులకే అప్పగించాలి.
* తుక్కు వర్తకులు బోర్డులను విడగొట్టకుండా, కాల్చకుండా అలాగే నమోదైన సంస్థలకు అమ్ముకోవడం ఆరోగ్యానికీ, ఆదాయానికీ మేలు.