లోడ్ టెస్టింగ్‌లో వేరియబుల్స్, షరతులు

వెబ్‌సైటు మీదికి ఒకేసారి వేలమంది వచ్చి పడితే అది నిలబడుతుందా, కూలబడుతుందా అన్నది ముందే తేల్చుకోవడానికి చేసే పరీక్ష లోడ్ టెస్టింగ్. మనుషుల బదులు ఒక సాఫ్ట్‌వేర్ వేలమంది ఉత్తుత్తి వాడుకరులను పుట్టించి సర్వర్ మీదికి తోలుతుంది. ఈ వాడుకరులు నడిచే స్క్రిప్టులో, ఒక్కొక్కరికి వేరుగా ఉండే విలువను దాచుకునే పేరు వేరియబుల్. సర్వర్ ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి అడుగు ఎటో తేల్చేది షరతు. పనిచేసేవాళ్లు కండిషన్ అంటారు. ఈ రెండూ చేరాకే పరీక్షలోని గుంపు నిజమైన జనాన్ని పోలడం మొదలుపెట్టింది.

ఆ జనం ఎలా ఉంటారో హైదరాబాదులో తార్నాక వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2000ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఫలితాలు వచ్చాయని తెలియగానే చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లు కిక్కిరిసేవి. ఒక్కో కంప్యూటరు వెనక నలుగురైదుగురు నిలబడి, చేతిలో హాల్ టికెట్ పట్టుకుని, తెరుచుకోని పేజీని మళ్లీ మళ్లీ తెరిచేవారు. టెలిఫోన్ల రద్దీకి లెక్క కట్టిన డేనిష్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1909లో, 1917లో రాసిన వ్యాసాలు ఇలాంటి రద్దీని లెక్కగట్టే శాస్త్రానికి పునాది. కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఎవరికి తోచినప్పుడు వాళ్లు చేస్తారన్నది ఆయన లెక్కకు ఆధారం. ఫలితాల రోజున ఆ ఆధారమే ఉండదు. అందరినీ కదిలించేది ఒకటే వార్త.

తొలి సాధనాల పని చాలా మోటుగా ఉండేది. అపాచీ సర్వర్‌తో పాటు వచ్చే ‘ఏబీ’ ఒకే చిరునామాను లెక్కలేనన్నిసార్లు అడుగుతుంది. అందులో ఒక మోసం ఉంది. వెయ్యిమంది వాడుకరులూ ఒకే హాల్ టికెట్ నంబరు పంపారనుకుందాం. డేటాబేసు ఆ ఒక్క వరుసను ఒకసారి డిస్కు నుంచి తీసి జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. మిగతా 999 మందికి జవాబు అక్కడి నుంచే క్షణంలో వెళుతుంది. పరీక్ష భేషుగ్గా పాసవుతుంది. అసలు రోజున వెయ్యి నంబర్లు వస్తాయి, సైటు చతికిలబడుతుంది. నంబరును వేరియబుల్‌గా మార్చి, ఒక ఫైలులోంచి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అందించడాన్ని పారామీటరైజేషన్ అంటారు.

రెండో చిక్కు వెబ్ స్వభావంలోనే ఉంది. వెబ్ నడిచే నియమావళి హెచ్‌టీటీపీకి గతం గుర్తుండదు. ఆ మరుపుకు మందుగా 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీని ప్రవేశపెట్టాడు. తర్వాత లాగిన్ టోకెన్లు, ఫారంలో కనిపించకుండా దాగే విలువలు వచ్చాయి. 2002లో విడుదలైన ఏఎస్‌పీ డాట్ నెట్‌లోని వ్యూస్టేట్ అలాంటిదే. ఇవి పూటకో రకంగా మారతాయి కాబట్టి, నిన్న రికార్డు చేసిన స్క్రిప్టును ఈరోజు ఆడిస్తే సర్వర్ ఒప్పుకోదు. 1989లో ఏర్పడిన మెర్క్యురీ ఇంటరాక్టివ్ సంస్థ తెచ్చిన లోడ్‌రన్నర్‌లో దీనికి విరుగుడు కోరిలేషన్: జవాబులో కావలసిన విలువకు ముందూ వెనకా ఉండే అక్షరాలను గుర్తుగా చెప్పి, మధ్యలో ఉన్నదాన్ని వేరియబుల్‌లోకి పట్టడం. తార్నాక నుంచి అమీర్‌పేటకు టెస్టింగ్ టూల్స్ కోర్సులకు వెళ్లిన పిల్లలకు ‘లెఫ్ట్ బౌండరీ, రైట్ బౌండరీ’ అన్న మాటలు బాగా తెలుసు. మెర్క్యురీని 2006లో హెచ్‌పీ కొనుక్కుంది.

లోడ్‌రన్నర్ లైసెన్సు ఖర్చు పెట్టలేని వాళ్లకు దారి చూపింది జేమీటర్. స్టెఫానో మజ్జోకి రాసిన ఈ ఉచిత సాధనం 1998లో అపాచీ ప్రాజెక్టు కింద వచ్చింది. ఇందులో వేరియబుల్ ఏ వాడుకరిది ఆ వాడుకరికే. అందరూ పంచుకునే విలువను ప్రాపర్టీ అంటారు. ఈ తేడా పట్టించుకోకపోతే ఒకరి టోకెన్‌తో ఇంకొకరు తిరుగుతారు. ఇంకో సంగతి దగ్గర నుంచి చూడదగ్గది. టోకెన్ దొరకక వేరియబుల్ అసలు ఏర్పడకపోతే జేమీటర్ ఆగదు. డాలరు గుర్తు, మీసాల బ్రాకెట్లు, వేరియబుల్ పేరు, వీటిని ఉన్నవి ఉన్నట్టే సర్వర్‌కు పంపేస్తుంది. సర్వర్ మర్యాదగా లాగిన్ పేజీ చూపించి, పైన ‘200’ అని, అంటే అంతా సరే అని రాస్తుంది. నివేదికలో అన్నీ పచ్చగానే ఉంటాయి. ఒక్కరూ లోపలికి పోయి ఉండరు. అందుకే ఇఫ్ కంట్రోలర్ అనే షరతు పెట్టాలి: టోకెన్ దొరికితేనే ముందుకు, లేకపోతే అక్కడే ఆగాలి.

షరతుల విలువ దోస్త్ ప్రవేశాల్లో కళ్లకు కడుతుంది. ఉస్మానియాతో సహా తెలంగాణ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు 2016లో ఈ ఆన్‌లైన్ విధానం మొదలైంది. తెలంగాణ ఇంటర్ బోర్డు విద్యార్థిది ఒక దారి, వేరే బోర్డు నుంచి వచ్చినవారిది ఇంకో దారి. ఫీజు కట్టినవారికే వెబ్ ఆప్షన్లు. సీటు వస్తే సెల్ఫ్ రిపోర్టింగ్, చేయకపోతే సీటు పోతుంది. సీటు రాకపోతే తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు. ఇలాంటి సైటుకు అందరినీ ఒకే దారిన నడిపించే స్క్రిప్టు రాస్తే, తేలికైన పేజీల మీద భారం ఎక్కువగా, ఆప్షన్లు భద్రపరిచే బరువైన పని మీద తక్కువగా పడుతుంది. ఎంతమంది ఏ దారిన పోతారో పాత సంవత్సరాల సర్వర్ లాగ్‌ల నుంచి తీసి, ఆ నిష్పత్తిలో షరతులు పెట్టాలి. అందరినీ ఒకే దారిలోకి తోస్తే ఏమవుతుందో చూడండి: 2013 అక్టోబరు 1న అమెరికా ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిచిన మొదటి రోజున నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురే. పథకాలు ఊరికే చూసి పోదామన్నా ముందు ఖాతా తెరవాలన్న షరతు జనమంతటినీ ఒకే సన్నని సందులోకి తోయడం అక్కడి కారణాల్లో ఒకటి.

కొత్త సాధనాల్లో 2011లో వచ్చిన లోకస్ట్ పైథాన్‌లో, 2012 నాటి గాట్లింగ్ స్కాలాలో, తర్వాతి కె6 జావాస్క్రిప్టులో స్క్రిప్టు రాసే వీలు కల్పించాయి. షరతు ఇప్పుడు తెర మీద నింపే గడి కాదు, మామూలు ప్రోగ్రాము వాక్యం. లోకస్ట్‌లో ఒక్కో పనికి బరువు రాస్తే చాలు, దారుల నిష్పత్తి దానంతటదే కుదురుతుంది.

చాలా స్క్రిప్టుల్లో ఇప్పటికీ కనిపించని దారి ఒకటుంది. సర్వర్ నెమ్మదిస్తే స్క్రిప్టులోని వాడుకరి బుద్ధిగా జవాబు కోసం కూర్చుంటాడు. హాస్టల్ గదిలోని విద్యార్థి కూర్చోడు. పది సెకన్లు చూసి రిఫ్రెష్ నొక్కుతాడు, ఫ్రెండు ఫోనులో కూడా తెరుస్తాడు, ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేసి హాల్ టికెట్ నంబరు చెప్పి చూడమంటాడు. ఒక్క మనిషి నాలుగు అభ్యర్థనలవుతాడు, అదీ సర్వర్ ఊపిరాడక ఉన్నప్పుడే. దీన్ని రాయడం కష్టమేమీ కాదు: గడువు దాటితే, ఇన్ని పాళ్ల మంది అదే నంబరుతో మళ్లీ అడగాలి, కొందరు వదిలేసి వెళ్లాలి. ఆ నంబరును పట్టి ఉంచడానికి ఒక వేరియబుల్, గడువు చూడడానికి ఒక షరతు సరిపోతాయి.